మలేరియాలో ఊపిరితిత్తుల తీవ్ర గాయం

మలేరియాలో ఊపిరితిత్తుల తీవ్ర గాయం అనేది తీవ్ర మలేరియా వలన కలిగే ప్రాణాంతకమైన ఉపద్రవాలలో ఒకటి. ఇందులో ఊపిరితిత్తులలోని సన్నని రక్తనాళాల గోడలు దెబ్బతింటాయి. రక్తంలోని ద్రవం వాయుకోశాలలోనికి ఊరి, శరీరానికి చాలినంత ప్రాణవాయువు అందకుండా పోతుంది. ఈ స్థితి ముదిరినపుడు దానిని అక్యూట్ రెస్పిరేటరీ డిస్ట్రెస్ సిండ్రోమ్ లేదా క్లుప్తంగా ఎ.ఆర్.డి.ఎస్. అంటారు. ఇది ఎక్కువగా ప్లాస్మోడియం ఫాల్సిపారం అనే పరాన్నజీవి వలన కలుగుతుంది. ప్లాస్మోడియం వైవాక్స్, ప్లాస్మోడియం నోలెసి వలన కూడా కలుగవచ్చును.

ఆంధ్ర ప్రదేశ్‌లోని శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాలలోని కొండ ప్రాంతాలు చిరకాలంగా మలేరియాకు నెలవులు. ఇక్కడి రోగికి జ్వరం మొదలైన చోటికీ, ప్రాణవాయువు దొరికే చోటికీ మధ్య చాలా దూరం ఉంటుంది. ఈ ఉపద్రవం కొందరిలో మందు మొదలుపెట్టి, జ్వరం తగ్గిన తరువాత కూడా బయటపడుతుంది. అందువలన జ్వరం తగ్గినంత మాత్రాన ప్రమాదం తప్పిందని భావించరాదు.

నిర్వచనం

ఊపిరితిత్తుల తీవ్ర గాయానికి వైద్యశాస్త్రం ఇచ్చిన నిర్వచనం కాలక్రమంలో మారుతూ వచ్చింది. 1967లో అమెరికాలోని డెన్వర్ నగరానికి చెందిన ఆష్‌బా, బిగెలో, పెట్టీ, లెవైన్ అనే వైద్యులు 12 మంది రోగులలో ఈ లక్షణాలను గమనించి, లాన్సెట్ పత్రికలో మొదటిసారిగా వర్ణించారు. 1994లో అమెరికా, ఐరోపా నిపుణులు కలసి కొలతలు ఏర్పరచారు. ధమని రక్తంలోని ప్రాణవాయువు పీడనాన్ని, రోగి పీల్చే గాలిలోని ప్రాణవాయువు పాలుతో భాగించగా వచ్చే అంకె 300 లేదా అంతకు తక్కువైతే తీవ్ర గాయమనీ, 200 లేదా అంతకు తక్కువైతే ఎ.ఆర్.డి.ఎస్. అనీ నిర్ణయించారు. 2012 నాటి బెర్లిన్ నిర్వచనం "తీవ్ర గాయం" అనే విడి మెట్టును తొలగించి, ఎ.ఆర్.డి.ఎస్.నే మూడు స్థాయిలుగా విభజించింది.

* స్వల్పం - 200కు పైన, 300 వరకు
* మధ్యమం - 100కు పైన, 200 వరకు
* తీవ్రం - 100 లేదా అంతకు తక్కువ

ఈ కొలతలకు ధమని రక్త పరీక్ష, వెంటిలేటర్, ఎక్స్-రే అవసరం. ఇవి లేని ఆసుపత్రులలో ఈ వ్యాధి ఉన్నప్పటికీ లెక్కలోనికి రాదు. ఈ లోపాన్ని సవరించుటకు 2024లో ప్రచురితమైన కొత్త ప్రపంచ నిర్వచనంలో, వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటరు కొలతను, అల్ట్రాసౌండ్ పరీక్షను కూడా అంగీకరించారు. చిన్న ఆసుపత్రులకు ఈ మార్పు ఎంతో ఉపయోగకరం.

మలేరియా విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మరింత సులభమైన గుర్తును ఇచ్చింది. రోగి మామూలు గాలి పీలుస్తున్నపుడు రక్తంలో ప్రాణవాయువు 92 శాతం కంటే తక్కువగా ఉండి, నిమిషానికి 30 కంటే ఎక్కువసార్లు శ్వాస తీస్తుంటే దానిని తీవ్ర మలేరియాగా పరిగణించాలి. ఎక్స్-రేలో ఊపిరితిత్తులలో నీరు కనిపించినా అంతే.

చరిత్ర

మలేరియా పరాన్నజీవిని 1880లో అల్జీరియాలో లావెరాన్ కనుగొన్నాడు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అనాఫిలిస్ దోమ కడుపులో ఈ పరాన్నజీవిని గుర్తించాడు. ఇందుకు ఆయనకు 1902లో నోబెల్ బహుమతి లభించింది. మలేరియా వలన మరణించినవారి సన్నని రక్తనాళాలలో పరాన్నజీవులతో నిండిన ఎర్ర రక్తకణాలు గుమిగూడి ఉండుటను 19వ శతాబ్దం చివర ఇటలీ వైద్యులు మార్కియాఫావా, బిన్యామి వర్ణించారు. గాయం ఏర్పడే తీరును అర్థం చేసుకొనుటకు ఈ పరిశీలనే పునాది.

1960ల చివరలో వియత్నాం యుద్ధంలో పాల్గొన్న అమెరికా సైనికులలో కొందరికి ఫాల్సిపారం మలేరియాతో పాటు ఊపిరితిత్తులలో నీరు చేరినట్లు వైద్యులు గమనించారు. వీరి గుండె బాగానే పనిచేస్తున్నది. కావున నీరు చేరుటకు కారణం గుండె బలహీనత కాదనీ, రక్తనాళపు గోడే కారుతున్నదనీ తెలియవచ్చింది.

ఉత్తరాంధ్ర కొండలలో మలేరియా

ఉమ్మడి విశాఖపట్నం జిల్లా నుండి శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న ఏర్పడింది. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న ఏర్పడింది. ఈ రెండు జిల్లాలలోని గిరిజన ప్రాంతాలలో అధిక భాగం, అనగా సీతంపేట, భామిని, కురుపాం, గుమ్మలక్ష్మీపురం, కొమరాడ, సాలూరు, పాచిపెంట మొదలగు మండలాలు, 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినవి. సవర, జాతాపు, గదబ, కొండదొర మొదలైన తెగలవారు ఇక్కడ నివసిస్తున్నారు.

తూర్పు కనుమలలో పుట్టి నాగావళి, వంశధార నదులలో కలిసే వాగులను ఇక్కడ గెడ్డలు అంటారు. మెల్లగా పారే గెడ్డల అంచులలో అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ అనే దోమ గుడ్లు పెడుతుంది. వరిమళ్ళలో, వాననీటి గుంటలలో అనాఫిలిస్ క్యూలిసిఫేసిస్ పెరుగుతుంది. వానాకాలంలో రెండవది, వానలు వెలిసి చలి మొదలయ్యే రోజులలో మొదటిది విజృంభించుట వలన మలేరియా కాలం ఇక్కడ చాలా నెలలు సాగుతుంది. 1936 వరకు విశాఖపట్నం జిల్లాలో భాగంగా ఉండిన జయపురం కొండలలో, 1930లలో బెంగాల్ నాగపూర్ రైల్వేకు చెందిన మలేరియా నిపుణుడు రోనాల్డ్ సీనియర్-వైట్ ఈ వ్యాధి వ్యాప్తిపై పరిశోధనలు చేశాడు.

మైదాన ప్రాంతం వారు ఈ వ్యాధిని చలిజ్వరమనీ, మన్యం జ్వరమనీ పిలిచేవారు. కొండలకు ఉద్యోగరీత్యా, కూలిపనులకు వెళ్ళినవారు దీనికి ఎంతో భయపడేవారు. ఈ భయానికి శాస్త్రీయమైన ఆధారం ఉన్నది. కొండలలో పుట్టి పెరిగినవారికి చిన్ననాటి నుండి పలుమార్లు మలేరియా సోకుట వలన పాక్షికమైన రోగనిరోధక శక్తి ఏర్పడుతుంది. మైదానం నుండి వచ్చినవారికి ఆ శక్తి ఉండదు. కావున వారికి తీవ్ర మలేరియా, దానితో పాటు ఊపిరితిత్తుల గాయం సోకే అవకాశం ఎక్కువ.

ప్రభుత్వ లెక్కల ప్రకారం భారతదేశంలో మలేరియా కేసులు 2015లో సుమారు 11.69 లక్షలు కాగా, 2023 నాటికి సుమారు 2.27 లక్షలకు తగ్గినవి. ఇది శుభపరిణామమే అయినప్పటికీ, వ్యాధి సోకుట అరుదైన కొలదీ కొండవాసులలోని పాక్షిక నిరోధక శక్తి కూడా సన్నగిల్లుతుంది. ఇటువంటి స్థితిలో మరల మలేరియా ప్రబలినచో పెద్దవారికి కూడా అది తీవ్రంగా పరిణమించవచ్చును.

ఊపిరితిత్తి నిర్మాణం

గాయాన్ని అర్థం చేసుకొనుటకు ముందు ఊపిరితిత్తి నిర్మాణాన్ని తెలుసుకోవాలి. మనిషి ఊపిరితిత్తులలో కోట్లాది వాయుకోశాలు ఉంటాయి. వీటన్నిటినీ విప్పి పరచినచో సుమారు 70 చదరపు మీటర్ల వైశాల్యం వస్తుంది. ప్రతి వాయుకోశం చుట్టూ రక్తకేశనాళికలు వలవలె అల్లుకొని ఉంటాయి. గాలికీ, రక్తానికీ మధ్యనున్న గోడ మందం చాలాచోట్ల ఒక మైక్రోమీటరు కంటే తక్కువ. ఈ గోడకు ఒకవైపు రక్తనాళపు లోపొర కణాలు, మరొకవైపు వాయుకోశపు కణాలు ఉంటాయి. ఈ గోడ ఇంత పలుచగా ఉన్నందువల్లనే ప్రాణవాయువు క్షణంలో రక్తంలో కలుస్తుంది. అదే కారణం చేత స్వల్పంగా దెబ్బతిన్నా కారుట మొదలవుతుంది.

గాయం ఏర్పడే విధానం

మలేరియా పరాన్నజీవి వాయుకోశాలలోనికి ప్రవేశించదు. అది ఎర్ర రక్తకణాలలోనే పెరుగుతుంది. గాయం రక్తం వైపు నుండి మొదలవుతుంది. ఇందులో పలు దశలు కలసి పనిచేస్తాయి.

'''కణాలు అంటుకొనుట:''' ఫాల్సిపారం పరాన్నజీవి ఎర్ర కణంలో 48 గంటలపాటు పెరుగుతుంది. ఈ కాలం రెండవ సగంలో కణం ఉపరితలంపై చిన్న చిన్న బుడిపెలు ఏర్పడి, వాటిపై పి.ఎఫ్.ఇ.ఎం.పి.-1 అనే మాంసకృత్తు తేలుతుంది. ఇది రక్తనాళపు లోపొరపై ఉండే సి.డి.36, ఐకామ్-1 వంటి గ్రాహకాలను పట్టుకుంటుంది. ఈ విధంగా రోగగ్రస్త కణాలు ప్లీహానికి చిక్కకుండా సన్నని నాళాలలో దాగుతాయి. మెదడులో దాగినచో స్పృహ తప్పుట, ఊపిరితిత్తులలో దాగినచో శ్వాస ఇబ్బంది కలుగుతాయి. ముదిరిన పరాన్నజీవులు ఇట్లు దాగి ఉండుట వలన వేలి నుండి తీసిన రక్తంలో కనిపించే సంఖ్య అసలు సంఖ్య కంటే తక్కువగా ఉండవచ్చును.

'''రోగనిరోధక వ్యవస్థ ప్రతిస్పందన:''' ఎర్ర కణాలు పగిలినపుడు పరాన్నజీవులతో పాటు హీమోజాయిన్ అనే నల్లని రంజకం, ఇతర వ్యర్థాలు రక్తంలోనికి వస్తాయి. వీటిని చూసి తెల్ల రక్తకణాలు టి.ఎన్.ఎఫ్., ఇంటర్‌ల్యూకిన్-6 వంటి రసాయనాలను విడుదల చేస్తాయి. ఈ రసాయనాలు మరిన్ని తెల్ల కణాలను ఊపిరితిత్తులకు రప్పిస్తాయి. శత్రువును చంపుటకు ఈ కణాలు విడిచే పదార్థాలు రక్తనాళపు గోడను కూడా దెబ్బతీస్తాయి.

'''గోడ వదులగుట:''' దెబ్బతిన్న లోపొర కణాలు ఆంజియోపొయిటిన్-2 అనే పదార్థాన్ని విడుదల చేస్తాయి. ఇది ఇరుగుపొరుగు కణాల మధ్య బిగువును సడలిస్తుంది. పగిలిన ఎర్ర కణాల నుండి వచ్చిన హీమోగ్లోబిన్, నాళాలను విశాలంగా ఉంచే నైట్రిక్ ఆక్సైడును హరిస్తుంది. దీని వలన రక్తప్రసరణ మరింత కుంటుపడుతుంది.

'''వాయుకోశాలు మునుగుట:''' మాంసకృత్తులతో కూడిన ద్రవం ముందు గోడలోనికి, తరువాత వాయుకోశాలలోనికి చేరుతుంది. వాయుకోశాలు ముడుచుకొనిపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ అనే జిగురు పొర పాడవుతుంది. నీటిని తిరిగి లోనికి తోడే కణాల శక్తి తగ్గుతుంది. కొన్ని వాయుకోశాలు నీటితో నిండి, కొన్ని ముడుచుకొనిపోయి, ఊపిరితిత్తి బిరుసెక్కుతుంది. రక్తం ప్రవహిస్తున్నప్పటికీ ఆ భాగంలో ప్రాణవాయువు దొరకదు.

వైవాక్స్ పరాన్నజీవి ఫాల్సిపారం వలె ఎక్కువగా నాళాలకు అంటుకొనదు. అయినప్పటికీ ఊపిరితిత్తుల గాయం కలుగుటను బట్టి, నాళాలు మూసుకొనుట కంటే శరీరపు ప్రతిస్పందనే ఇందులో ప్రధానమని భావిస్తున్నారు.

జ్వరం తగ్గిన తరువాత వచ్చే ఆయాసం

ఈ ఉపద్రవంలో విశేషమేమనగా, ఇది కొందరిలో మందు మొదలుపెట్టిన తరువాత, రక్తంలో పరాన్నజీవుల సంఖ్య తగ్గుతున్న సమయంలో బయటపడుతుంది. మందు వలన పరాన్నజీవులు పెద్ద ఎత్తున చనిపోయినపుడు వాటి వ్యర్థాలు రక్తంలో చేరి, రోగనిరోధక వ్యవస్థను మరింత రెచ్చగొడతాయి. ఇండోనేషియాలోని పాపువా ప్రాంతంలో వైవాక్స్ రోగులపై జరిగిన పరిశీలనలో, చికిత్స తరువాత ఊపిరితిత్తుల వాయుమార్పిడి సామర్థ్యం ఇంకా తగ్గినట్లు తేలింది.

దీని అర్థం మందు హాని చేస్తుందని కాదు. మందు ఆలస్యమైన కొలదీ పరాన్నజీవుల సంఖ్య పెరిగి, ఆపై జరిగే గాయం కూడా పెద్దదవుతుంది. కావున మందు త్వరగా మొదలుపెట్టుట, మొదలుపెట్టిన తరువాత రెండు మూడు రోజులపాటు శ్వాసను గమనించుట రెండూ అవసరమే. జ్వరం దిగినదని రోగిని తొందరపడి ఇంటికి తీసుకొనిపోవుట ప్రమాదకరం.

ఎవరికి ప్రమాదం ఎక్కువ

* పెద్దవారు: తీవ్ర ఫాల్సిపారం మలేరియా సోకిన పెద్దవారిలో 5 నుండి 25 శాతం మందికి ఈ ఉపద్రవం కలుగుతుందని వివిధ పరిశీలనలు తెలుపుతున్నవి.
* గర్భిణులు: వీరిలో ఇది 29 శాతం వరకు ఉండవచ్చును. ప్రసవమైన వెంటనే గర్భాశయం నుండి రక్తం ఒక్కసారిగా ప్రసరణలోనికి చేరుట వలన ఆ సమయంలో ప్రమాదం మరింత పెరుగుతుంది.
* మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు: మలేరియా స్వయంగా మూత్రపిండాలను దెబ్బతీయగలదు. శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి ఎక్కువ. ఆ వ్యాధి ఉన్నవారికి నీటిని బయటకు పంపే శక్తి తక్కువ గనుక ఊపిరితిత్తులలో నీరు త్వరగా చేరుతుంది.
* రోగనిరోధక శక్తి లేనివారు: మలేరియా లేని ప్రాంతాల నుండి వచ్చినవారు.

చిన్నపిల్లలలో ఎ.ఆర్.డి.ఎస్. అరుదు. మలేరియా సోకిన పిల్లలు ఎగఊపిరి తీయుటకు తరచుగా కారణం రక్తంలో ఆమ్లం పెరుగుట, తీవ్రమైన రక్తహీనత, లేదా దానితో పాటు వచ్చిన న్యుమోనియా.

లక్షణాలు

మొదట్లో మలేరియా లక్షణాలే ఉంటాయి. చలి, వణుకు, జ్వరం, తలనొప్పి, వాంతులు, ఒళ్ళునొప్పులు కనిపిస్తాయి. పొడిదగ్గు చాలామందిలో ఉంటుంది, అది అంత ప్రమాదకరం కాదు. గాయం మొదలైనపుడు ఈ క్రింది మార్పులు కొన్ని గంటలలోనే రావచ్చును.

* శ్వాస వేగం పెరుగుట. ఇది అన్నిటికంటే ముందు కనిపించే గుర్తు.
* పడుకొనలేక లేచి కూర్చొనుట, మాట్లాడుతుండగా మధ్యలో ఊపిరికి ఆగుట
* ముక్కుపుటాలు ఎగురుట, ప్రక్కటెముకల మధ్య చర్మం లోనికి పోవుట
* పెదవులు, గోళ్ళు నీలివర్ణం పొందుట
* నురుగుతో కూడిన కళ్ళె, ఒక్కొక్కసారి దానిలో ఎర్రజీర
* కలవరపాటు, మగత

శ్వాసను లెక్కించుటకు ఏ పరికరమూ అవసరం లేదు. రోగి ఛాతీని గమనిస్తూ ఒక నిమిషం పూర్తిగా లెక్కించాలి. పెద్దవారిలో నిమిషానికి 30 దాటినచో వెంటనే ఆసుపత్రికి తరలించాలి. పిల్లలలో రెండు నెలలలోపు 60, రెండు నెలల నుండి సంవత్సరం లోపు 50, ఒకటి నుండి ఐదేళ్ళలోపు 40, లేదా అంతకు మించినచో వేగశ్వాసగా లెక్కిస్తారు.

వ్యాధి నిర్ధారణ

మలేరియాను రక్తపు పూత పరీక్ష ద్వారా గానీ, వేలి నుండి తీసిన చుక్క రక్తంతో చేసే సత్వర పరీక్ష ద్వారా గానీ నిర్ధారిస్తారు. సత్వర పరీక్షను ఆశా కార్యకర్త గ్రామంలోనే చేయగలదు. ఊపిరితిత్తుల స్థితిని పల్స్ ఆక్సీమీటరు, ఛాతీ ఎక్స్-రే, అల్ట్రాసౌండ్, ధమని రక్త పరీక్షల ద్వారా తెలుసుకుంటారు. ఎక్స్-రేలో రెండు వైపులా తెల్లని మచ్చలు కనిపిస్తాయి. గుండె బలహీనత వలన చేరిన నీరు కాదని నిర్ధారించుకొనుట అవసరం.

ఈ ప్రాంతంలో ఇదే విధమైన గాయం కలిగించే ఇతర వ్యాధులు కూడా ఉన్నవి. పరీక్షలో మలేరియా లేదని తేలినపుడు, లేదా మలేరియా మందుకు రోగి కోలుకొననపుడు వీటిని గుర్తుంచుకోవాలి.

* స్క్రబ్ టైఫస్: పొదలలో ఉండే నల్లివంటి పురుగుల పిల్లలు కుట్టుట వలన వస్తుంది. కుట్టినచోట కాలిన మచ్చవంటి నల్లని పుండు కనిపించవచ్చును. దీనికి డాక్సీసైక్లిన్ వంటి మందు పనిచేస్తుంది.
* లెప్టోస్పైరోసిస్: ఎలుకల మూత్రంతో కలుషితమైన నీటిలో, బురదలో పనిచేసే రైతులకు సోకుతుంది. ఊపిరితిత్తులలో రక్తస్రావం కలిగించగలదు.
* డెంగీ: రక్తనాళాల నుండి ద్రవం కారి ఛాతీలో చేరుతుంది.
* న్యుమోనియా, ఇన్‌ఫ్లుయెంజా, కోవిడ్-19: ఇవి గాలి వైపు నుండి ఊపిరితిత్తిని దెబ్బతీస్తాయి.
* సెప్సిస్: శరీరంలో ఎక్కడ బాక్టీరియా చేరినా, అది రక్తానికి పాకినచో ఊపిరితిత్తులు దెబ్బతినవచ్చును.

మలేరియాతో పాటు బాక్టీరియా కూడా సోకి ఉండవచ్చును గనుక, అనుమానమున్నపుడు వైద్యులు యాంటీబయాటిక్ మందును కూడా ఇస్తారు.

చికిత్స

'''పరాన్నజీవిని చంపే మందు:''' తీవ్ర మలేరియాకు నేడు మేలైన మందు ఆర్టిసునేట్ ఇంజెక్షన్. బంగ్లాదేశ్, భారత్, ఇండోనేషియా, మయన్మార్ దేశాలలో 1,461 మంది రోగులపై జరిగి, 2005లో ప్రచురితమైన అధ్యయనంలో క్వినైన్ పొందినవారిలో 22 శాతం, ఆర్టిసునేట్ పొందినవారిలో 15 శాతం మంది మరణించారు. ఈ అధ్యయనంలో పొరుగు రాష్ట్రమైన ఒడిషాలోని రూర్కెలా ఇస్పాత్ జనరల్ ఆసుపత్రి కూడా పాల్గొన్నది. బరువును బట్టి కిలోకు 2.4 మిల్లీగ్రాముల చొప్పున (20 కిలోలలోపు పిల్లలకు 3 మిల్లీగ్రాములు) చేరిన వెంటనే, 12 గంటలకు, 24 గంటలకు, ఆపై రోజుకొకసారి ఇస్తారు. రోగి మాత్రలు మింగగలిగిన తరువాత ఆర్టిమిసినిన్ కలిసిన మిశ్రమ మందును మూడు రోజులు పూర్తిగా వాడాలి. ఆర్టిసునేట్ వాడిన కొందరిలో కొన్ని వారాల తరువాత ఎర్ర కణాలు క్షీణించవచ్చును గనుక రక్త పరీక్షలు చేయించుకోవాలి.

'''ద్రవాల విషయంలో జాగ్రత్త:''' జ్వరంతో నీరసించిన రోగికి సెలైన్ ఎక్కించుట సర్వసాధారణం. కానీ తీవ్ర మలేరియాలో రక్తనాళపు గోడ కారుతున్నందువలన, వేగంగా ఎక్కించిన సెలైన్ ఊపిరితిత్తులలోనికి చేరవచ్చును. కెన్యా, ఉగాండా, టాంజానియాలలో 3,141 మంది పిల్లలపై జరిగి 2011లో ప్రచురితమైన అధ్యయనంలో, వేగంగా ద్రవాలు ఎక్కించిన పిల్లలలో మరణాలు ఎక్కువగా ఉన్నట్లు తేలింది. వారిలో సగానికి పైగా మలేరియా రోగులే. అట్లని ద్రవాలు పూర్తిగా ఆపుట కూడా మూత్రపిండాలకు మంచిది కాదు. మూత్రం పరిమాణం, శ్వాస వేగం చూస్తూ, కొద్దికొద్దిగా ఇచ్చుట శ్రేయస్కరం.

'''ప్రాణవాయువు, వెంటిలేటర్:''' రోగిని తలవైపు ఎత్తుగా ఉండునట్లు పడుకోబెట్టి ప్రాణవాయువు ఇవ్వాలి. అది చాలనపుడు వెంటిలేటర్ అవసరమవుతుంది. 2000లో ప్రచురితమైన అమెరికా అధ్యయనంలో, ఒక్కొక్క శ్వాసకు కిలోకు 12 మిల్లీలీటర్లకు బదులు 6 మిల్లీలీటర్లు మాత్రమే పంపినపుడు మరణాలు సుమారు 40 శాతం నుండి 31 శాతానికి తగ్గినవి. బిరుసెక్కిన ఊపిరితిత్తిని బలవంతంగా ఉబ్బించుట మరింత గాయం చేస్తుందని దీని వలన తెలిసింది. తీవ్రమైన ఎ.ఆర్.డి.ఎస్. రోగిని రోజులో చాలా గంటలు బోర్లా పడుకోబెట్టుట వలన మరణాలు సగానికి తగ్గినట్లు 2013లో ప్రచురితమైన ఫ్రెంచి అధ్యయనం చూపింది. ఈ అధ్యయనాలు ప్రత్యేకంగా మలేరియా రోగులపై జరిగినవి కావు. అయినప్పటికీ గాయం ఒకే రకమైనది గనుక ఈ పద్ధతులనే పాటిస్తారు.

'''స్టీరాయిడ్లు:''' కోవిడ్-19లో డెక్సామెథసోన్ ప్రాణాలు కాపాడినప్పటికీ, మలేరియాలో దీనిని వాడరు. మెదడు మలేరియా రోగులపై 1982లో ప్రచురితమైన థాయిలాండ్ అధ్యయనంలో ఈ మందు మేలు చేయకపోగా, స్పృహ తిరిగి వచ్చుటను ఆలస్యం చేసినట్లు తేలింది.

సకాలంలో చికిత్స అంది బ్రతికి బయటపడినవారిలో చాలామందికి ఊపిరితిత్తుల పనితీరు కొన్ని నెలలలో తిరిగి వస్తుంది.

కొండ గ్రామం నుండి ఆసుపత్రికి

కొండలపై విసిరివేసినట్లుండే గిరిజన గూడేలలో కొన్నిటికి వాహనం పోయే దారి లేదు. రోగిని డోలీలో రోడ్డు వరకు మోసుకొని రావలసి ఉంటుంది. అక్కడి నుండి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి, ఆపై పాలకొండ, పార్వతీపురం, సాలూరు వంటి పట్టణాల ప్రభుత్వ ఆసుపత్రులకు, అవసరమైతే శ్రీకాకుళం, విజయనగరం పెద్దాసుపత్రులకు, చివరకు విశాఖపట్నంలోని కింగ్ జార్జి ఆసుపత్రికి చేరుస్తారు. పార్వతీపురం నుండి విశాఖపట్నానికి సుమారు 150 కిలోమీటర్ల దూరం ఉంటుంది. 108 అంబులెన్సు సేవలు రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైనవి. శ్రీకాకుళంలో 2008లో, విజయనగరంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు ఏర్పడుట వలన కొంత దూరం తగ్గినది.

ఊపిరితిత్తుల గాయం గంటలలో ముదురుతుంది గనుక ప్రయాణానికి ముందే కొంత చికిత్స జరగాలి. పెద్దాసుపత్రికి పంపే ముందు ఆర్టిసునేట్ మొదటి మోతాదును కండరంలోనికి ఇవ్వవచ్చును. ఆరేళ్ళలోపు పిల్లలకు ఆసనం ద్వారా ఇచ్చే ఆర్టిసునేట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఇచ్చిన మందు, ఎక్కించిన సెలైన్ పరిమాణం, శ్వాస సంఖ్య చీటీపై వ్రాసి పంపినచో తరువాతి వైద్యునికి ఎంతో ఉపకరిస్తుంది. దారిలో రోగి ఊపిరి కష్టంగా తీస్తుంటే వెల్లకిలా పడుకోబెట్టక, కూర్చున్న భంగిమలో ఆనించి తీసుకొనిపోవాలి. స్పృహ లేని రోగిని మాత్రం ప్రక్కకు త్రిప్పి పడుకోబెట్టాలి.

నివారణ

ఊపిరితిత్తుల గాయానికి ప్రత్యేకమైన మందు ఏదీ లేదు. కావున మలేరియాను నివారించుట, సోకినచో తొలిరోజుననే గుర్తించుట ఉత్తమ మార్గాలు.

* మందు పూసిన దోమతెరలను రాత్రిపూట తప్పక వాడాలి. పోడు పొలాల వద్ద కాపలా పడుకొనేవారు కూడా తెరను వెంట తీసుకొనిపోవాలి.
* వ్యాధికాలానికి ముందు ఇండ్ల లోపలి గోడలపై మందు పిచికారీ చేయించుకోవాలి. పిచికారీ చేసిన గోడలను వెంటనే అలుకరాదు.
* జ్వరం వచ్చిన 24 గంటలలోపు రక్తపరీక్ష చేయించుకోవాలి.
* మాత్రలను పూర్తి మోతాదు వాడాలి. వైవాక్స్ కాలేయంలో దాగి తిరిగి వస్తుంది గనుక ప్రైమాక్విన్ మాత్రలను వైద్యుడు చెప్పినన్ని రోజులు మానకుండా వేసుకోవాలి. గర్భిణులకు ఈ మాత్ర ఇవ్వరు.
* కొండ ప్రాంతాలకు వెళ్ళివచ్చిన తరువాత కొన్ని వారాలలో జ్వరం వచ్చినచో, ఆ ప్రయాణం సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి.

జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం 1953లో, నిర్మూలన కార్యక్రమం 1958లో మొదలైనవి. 1997లో ప్రపంచ బ్యాంకు సాయంతో ఆంధ్ర ప్రదేశ్‌తో సహా పలు రాష్ట్రాల గిరిజన ప్రాంతాలలో ప్రత్యేక పథకం అమలైనది. 2030 నాటికి దేశాన్ని మలేరియా రహితం చేయుట ప్రస్తుత జాతీయ లక్ష్యం. అంతవరకు కొండ గూడేలలో జ్వరం వచ్చిన ప్రతివారి రక్తాన్ని పరీక్షించుట, మలేరియా అని తేలిన ప్రతివారి శ్వాసను జ్వరం దిగిన తరువాత కూడా లెక్కించుట అవసరం.

ఇవి కూడా చూడండి

* మలేరియా
* రోనాల్డ్ రాస్
* ఊపిరితిత్తులు
* న్యుమోనియా
* స్క్రబ్ టైఫస్
* పార్వతీపురం మన్యం జిల్లా
* సవరలు